చింతపండు గోడౌన్‌లో చెవి పరీక్ష

కాదంటే కాదు, నేను ఒప్పుకోను. "డిమెన్షియా గురించి చెప్పాలంటే డెబ్భై దాటినవాళ్ళ దగ్గరికి పో. నలభై ఐదేళ్ళ మనిషిని పని మాన్పించి కూర్చోబెట్టడం దేనికి?" అని మా ప్రాజెక్ట్ మేనేజర్ ఇప్పటికీ నాతో ఫోన్‌లో గొడవ పడతారు. డెబ్భై దాటాక నేను వెళ్ళి చెప్పగలిగేది ఏముంటుంది? అప్పటికి జబ్బు వచ్చేసి ఉంటే చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళకి, ఓపిక పట్టమని. నివారణ అనే మాటకి ఎక్కువ అర్థం ఉండేది అంతకు చాలా ముందు. బీపీ, షుగర్, సిగరెట్, ఒళ్ళు కదలని బతుకు, మనుషులకి దూరంగా ఉండటం, వీటిని నలభైల్లో, యాభైల్లో పట్టుకుంటే తర్వాత మెదడుకి మేలు. ఆ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది. అది చెప్పగానే జనం నవ్వుతారు. వినికిడి.

నేను ఆడియాలజిస్ట్‌ని. అంటే చెవి ఎంత వింటోందో పరీక్షించి, అవసరమైతే మెషీన్ అమర్చే పని చదువుకున్నదాన్ని. అలాంటి నేనే ఆ ఒక్కదాన్ని వదిలేసిన కేసు ఇది. మా మేనేజర్‌కి పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

2024 ఫిబ్రవరి, తమిళనాడులోని ధర్మపురి. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఒక ట్రస్ట్‌లో హెల్త్ ఎడ్యుకేటర్‌గా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యవాళ్ళకి డిమెన్షియా నివారణ గురించి చెప్పడం, చిన్న చిన్న పరీక్షలు చేసి అనుమానం ఉన్నవాళ్ళని డాక్టర్ దగ్గరికి పంపడం ట్రస్ట్ మాకిచ్చిన పని, మా మేనేజర్‌కి నచ్చకపోయినా. ధర్మపురిలో ఎన్నో తరాల కిందట స్థిరపడిన తెలుగు వ్యాపార కుటుంబాలున్నాయని, నాకు తెలుగొచ్చని నన్ను పంపారు. నేను ఐదొందల కరపత్రాలు తెలుగులో అచ్చు వేయించుకుని బస్సు దిగాను. మొదటి రోజే తెలిసింది, వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఒకరో ఇద్దరో. కల్యాణ మండపంలో మా శిబిరానికి వచ్చిన ఆడవాళ్ళు నా కరపత్రాలని మడిచి విసనకర్రల్లా విసురుకున్నారు.

"అక్షరాలు మాత్రం రొంబ అందంగా ఉండాయమ్మా, జిలేబీల మాదిరి," అంది ఒకావిడ, నన్ను ఓదార్చడానికి.

నాకు ఒళ్ళు మండింది. సరే, అంతా నోటితోనే చెబుతానని మైక్ పట్టుకుని గంటసేపు చెప్పాను. తర్వాత ఒక్కొక్కరినీ టేబుల్ దగ్గరికి పిలిచి మెమరీ స్క్రీనింగ్ మొదలుపెట్టాను. ఇది చాలా చిన్న పరీక్ష. ఐదు మాటలు చదివి వినిపిస్తాం. వెంటనే ఒకసారి, ఐదు నిమిషాలయ్యాక ఇంకోసారి తిరిగి చెప్పమంటాం. దీంతో జబ్బు తేలదు. డాక్టర్‌కి చూపించాలా వద్దా అని చెప్పే జల్లెడ ఇది, అంతే. మాటలు నా ఫోన్‌లో ఒక యాప్‌లో ఉంటాయి. చదవడం, జవాబు రాగానే టిక్ కొట్టడం, "నెక్స్ట్" అనడం. హాలు నిండా జనం, చేసేది నేనొక్కదాన్ని. తల ఎత్తే తీరిక లేదు.

వినికిడి పరీక్ష రెండో టేబుల్. ఆ రోజు టైం చాలక ఆ టేబుల్ తెరవనే లేదు.

గోవిందరాజులు గారికి అప్పుడు యాభై మూడేళ్ళు. చింతపండు మండి నడుపుతారు, అంటే రైతుల దగ్గర బస్తాలు కొని పై ఊళ్ళకి పంపే హోల్‌సేల్ వ్యాపారం. తెల్ల చొక్కా, భుజం మీద మడత నలగని తుండుగుడ్డ. వెనకాల భార్య సరోజమ్మ నిలబడింది.

"గుర్రం, ఇనుము, నిమ్మకాయ, పలక, జడ," అని ఫోన్‌లోంచి చదివాను. "చెప్పండి."

"శరి," అన్నారు.

"సరి కాదు సార్. నేనన్న మాటలు తిరిగి చెప్పండి."

"గుర్రం..." అని ఆగారు. "ఇంకోతూరి చెప్పు పాపా."

ఇంకోసారి చదివాను, ఈసారి ఇంకా వేగంగా. గుర్రం, నిమ్మకాయ అన్నారు. అక్కడే ఆగిపోయారు. ఐదు నిమిషాల తర్వాత గుర్రం ఒక్కటే మిగిలింది. యాప్‌లో ఎర్ర చుక్క వెలిగింది. "ఇంట్లో ఎవరికైనా మతిమరుపు జబ్బు ఉండేదా?" అన్నాను, తర్వాతి ప్రశ్న అదే కాబట్టి.

జవాబు సరోజమ్మే చెప్పింది. "మా మామకి ఉండె. కడసీ నాలుగేండ్లు ఈయన్ని పట్టుకొని నువ్వెవురప్పా అని అడుగుతాండె."

"సేలంలో న్యూరాలజిస్ట్‌కి చూపించండి," అని చీటీ రాసిచ్చి, "నెక్స్ట్," అన్నాను. ఆ క్షణంలో ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నేను చూడలేదు.

వారం తర్వాత ఫోన్ మోగింది. సరోజమ్మ.

"ఏమ్మా, ఏమి చెప్పినావు మా ఇంటాయనకి? ఆ పొద్దు నించి అన్నం సరిగ్గా తినేది లేదు. ఉగాది నించి మండికి పోను, తమ్ముడు చూసుకోనీ అంటాడు. సేలానికి పోదాం రా అంటే రాడు. మా నాయన మాదిరి అయిపోతా, నలుగురూ చూసి నవ్వేకి ముందే ఇంట్లో కూసుంటా అంటాడు. ఇరవై ఏండ్లుగా ఆ మండే ఆయన లోకం. నువ్వు ఒక్క నిమిషంలో పోగొట్టినావు కదా?"

"నేను జబ్బు ఉందని చెప్పలేదండీ! డాక్టర్‌కి చూపించమన్నాను!" నేనూ గొంతు పెంచాను. నాకు తప్పు చేశాననే భయం ఉన్నప్పుడే గొంతు ఇంకా లేస్తుంది.

"ఆ ముక్క ఇంటికొచ్చి ఆయనకే చెప్పు," అని పెట్టేసింది.

వెళ్ళాను. ఆయన టీవీ ముందు కూర్చుని ఉన్నారు, సౌండు వీధిలోకి వినిపిస్తోంది. పక్కన సోఫాలో కాలేజీ చదివే కూతురు గాయత్రి, చేతిలో ఫోన్. వంటింట్లోంచి సరోజమ్మ అరిచింది. "ఏమండీ, గ్యాస్‌కి చెప్పినారా?"

"శరి శరి."

"శరి కాదు, చెప్పినారా లేదా?"

ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, "మరిచిపోయినా," అన్నారు.

సరోజమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "చూసినావా? రెండేండ్లుగా ఇదే కత. ఏమి చెప్పినా శరి అంటాడు, ఏమీ చెయ్యడు. అడిగితే మరిచిపోయినా అంటాడు. పెండ్లిళ్ళకి రాడు. మా అన్న వచ్చినా రెండు మాటలు మాట్లాడి లేచి పోతాడు."

"నేను చెప్పేది కూడా నాయన మనసులో పడేదే లేదు మేడం," అంది గాయత్రి, ఫోన్‌లోంచి కళ్ళు తీయకుండా. "ఆయన వేరే లోకం."

నేను నా ఫోన్ తెరిచి డిమెన్షియా లక్షణాల జాబితాలో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. చెప్పిన పని చేయకపోవడం, నలుగురిలో కలవకపోవడం, మాట మధ్యలో లేచిపోవడం. అన్నీ కుదిరాయి. నా తప్పేమీ లేదని మనసులో కాస్త తేలికపడ్డాను కూడా, సిగ్గు లేకుండా. సేలం రమ్మని ఆయనతో వాదించాను. చాలాసేపు విని, "రేపు మండికి రా పాపా. ఇక్కడొద్దు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే మండికి పోయాను. సీజన్ మొదలైంది. కంబైనల్లూరు వైపు నుంచి, బి. మల్లాపురం వైపు నుంచి వచ్చిన బస్తాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆ పులుపు వాసనకే నోట్లో నీళ్ళూరుతున్నాయి. వీడియో తీద్దామని అలవాటుగా ఫోన్ ఎత్తాను.

"ఫోను లోపల పెట్టు పాపా," అన్నారు గోవిందరాజులు గారు. "తుండు వేసే టైము ఇది. చేతిలో ఫోను కనిపిస్తే ఇక్కడ ఎవుడూ చెయ్యి ఇయ్యడు."

అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు, ఆ చేతుల మీద తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని నొక్కడంలోనే అంకెలన్నీ నడుస్తాయి. చుట్టూ ఎంతమంది ఉన్నా ఏ అంకె దగ్గర కుదిరిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. పక్కవాళ్ళు చూసేది రెండు మొహాలనే. ఫోన్‌ని బ్యాగులో వేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి చూశాను. గోవిందరాజులు గారు ఒకరి తర్వాత ఒకరితో చేతులు కలుపుతూ పోయారు. కాగితం లేదు, పెన్ను లేదు. అన్నీ అయ్యాక ఏ బస్తాల వరస ఎవరిదో, ఏ లారీలో ఏది ఎక్కాలో గుమాస్తాకి గుక్క తిప్పుకోకుండా చెప్పారు. కంబైనల్లూరు చిన్నసామి అనే రైతుతో, "పోయినేడు నీ పండులో నార ఎక్కువుండె, ఈ తూరి బాగుండాది," అన్నారు. చిన్నసామి పళ్ళికిలించాడు.

ఈ మనిషి నిమ్మకాయని గుర్తుపెట్టుకోలేకపోయాడా?

నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఫోన్ లేదు కాబట్టి నోటికొచ్చిన ఐదు మాటలు అన్నాను. "చీపురు, బావి, ఏనుగు, కత్తెర, పాలు." ఆయన ఐదూ చెప్పారు. టీ తాగాం, ఇంకో రెండు బేరాలయ్యాయి, మళ్ళీ అడిగాను. ఐదూ వరసగా చెప్పారు.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు సార్?" నాకు కోపమే వచ్చింది.

"ఆ రోజు నువ్వు నాకెక్కడ చెప్పినావు?" అన్నారాయన నెమ్మదిగా. "నీ చేతిలో ఉండే పెట్టెకి కదా చెప్పినావు."

అప్పుడు గమనించాను, ఆయన నా కళ్ళవైపు చూడట్లేదు. నా పెదాలు చూస్తున్నారు. నేను ఆయన వెనక్కి వెళ్ళి, "గోవిందరాజులు గారూ," అన్నాను. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. బస్తాల మీద కూర్చున్న ముగ్గురు తిరిగారు, ఆయన తిరగలేదు. నాలుగేళ్ళు నేను చదివిన చదువు ఇదే. ఎనిమిది రోజులుగా నా కళ్ళ ముందే ఉంది.

ఆడియోమెట్రీ, అంటే రకరకాల స్థాయి శబ్దాలు హెడ్‌ఫోన్‌లో వినిపించి ఎంత చిన్న శబ్దం దాకా వినిపిస్తోందో కొలిచే పరీక్ష, దానికి నిశ్శబ్దమైన గది కావాలి. ధర్మపురి బజారులో అలాంటి గది ఎక్కడ? నేను తల పట్టుకుంటే ఆయనే గోడౌన్ తలుపు తీశారు. నాలుగు గోడల వెంబడీ పైకప్పుదాకా చింతపండు బస్తాలు. లోపలికి అడుగు పెట్టగానే బయటి హారన్లు ఎవరో మింగేసినట్టు ఆగిపోయాయి. ఫోన్ తీసి సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూశాను. మా కాలేజీ వినికిడి పరీక్ష గదికి ఏమంత తీసిపోలేదు. ఆ కేసు మొత్తంలో నా ఫోన్ చేసిన మంచి పని అదొక్కటే.

పరీక్ష ఫలితాన్ని ఒక గీతగా గీస్తాం, దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎడమ పక్క లావు శబ్దాలు, కుడి పక్క సన్నటి శబ్దాలు. ఆయన గీత కొంతదూరం బాగానే నడిచి, అరుగు మీంచి కాలు జారినట్టు ఒక్కసారిగా పడిపోయింది. ఇలాంటి చెవికి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. స, ష, త, క లాంటి సన్నటి శబ్దాలు రాలిపోతాయి. ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ ముందుగా మసకబారతాయి. ఎదుటి మనిషి పెదాలు చూస్తే మెదడు ఆ ఖాళీలు పూరించుకుంటుంది. వంటింట్లోంచి అరిస్తే, ఫోన్‌లో తల దూర్చి మాట్లాడితే పూరించుకోలేదు. మండిలో ఆయనకి చెవితో పనే లేదు. అందుకే ఇన్నేళ్ళు ఎవరికీ తెలియలేదు, ఆయనతో సహా. వినబడనిదాన్ని ఆయన కూడా "మరిచిపోయినా" అనే అనుకున్నారు.

"ఎప్పుడైనా పెద్ద చప్పుడు దగ్గర పని చేశారా?"

"మాకు నూనె మిల్లు ఉండె. వయసులో పద్దెనిమిదేండ్లు నూనె పిండే ఎక్స్‌పెల్లర్ పక్కనే నిలబడితిని." ఆ గీత మీద వేలు పెట్టి అడిగారు. "అట్లయితే పాపా, ఇది మా నాయన రోగం కాదా?"

నాకు కాదని తేల్చేసి ఆయన్ని సంతోషపెట్టాలని ఎంతగానో అనిపించింది. కానీ మా పనిలో అది తప్పు. "ఆ జబ్బు ఎప్పటికీ రాదని నేను రాసివ్వలేను సార్, ఎవరూ ఇవ్వలేరు. ఆ రోజు మీరు తప్పింది మాత్రం జ్ఞాపకంలో కాదు. చెవిలో పడని మాటని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ చెవిని ఇలాగే వదిలేయకూడదు. మాట పట్టుకోవడానికే మెదడు ఓపికంతా అయిపోతుంది. అలసిపోయి మనిషి పెళ్ళిళ్ళకీ మాటలకీ దూరమవుతాడు. దూరమయ్యేకొద్దీ మెదడుకి మేత తగ్గుతుంది. ఆ దారి ఒకటి మనం మూయగలం. మీరు ఉగాదికి మండి మానేస్తే ఆ దారి ఇంకా వెడల్పు చేసినట్టు."

"మా నాయన అదే మిల్లులో నలభై ఏండ్లు ఉండె," అన్నారాయన. "ఆయన చెవులు ఎవురూ చూడలేదు."

నేను చెవి డాక్టర్‌కి చీటీ రాశాను.

చెవి డాక్టర్ చూశారు, సేలం కూడా వెళ్ళొచ్చారు. అక్కడ జ్ఞాపకశక్తి బాగానే ఉందన్నారు, బీపీకి మాత్ర రాసి, రోజూ నడవమని, ఏడాదికోసారి చూపించుకోమని పంపారు. నేను రెండు చెవులకీ బీటీఈ హియరింగ్ ఎయిడ్స్ అమర్చాను, అంటే చెవి వెనకాల కూర్చునే చిన్న మెషీన్లు. మొదటి రోజు ఇంట్లో ఆయన గది గది తిరిగారు. గాజుల చప్పుడు, కుక్కర్ కూత, ప్లాస్టిక్ కవరు నలిగే చప్పుడు. "ఇంత సద్దా ఈ ఇంట్లో?" అన్నారు. గాయత్రి ఫోన్ పక్కన పెట్టి, వాళ్ళ నాన్న వెనకాల నిలబడి మెల్లగా "నాయనా," అంది. ఆయన తిరిగారు. ఆ అమ్మాయి ఇంకోసారి పిలిచింది, అవసరం లేకపోయినా.

నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగో రోజు నేను మారండహళ్ళిలో వేరే శిబిరంలో ఉండగా సరోజమ్మ ఫోన్. "మండిలో మెషీను తీసి జేబులో పెట్టుకున్నాడంట. ఇంటికొచ్చినా పెట్టుకునేది లేదు. ఉగాదికి ఇంకా పది దినాలే ఉండాది, మానేస్తా అని మళ్ళీ మొదలుపెట్టినాడు." దొరికిన బస్సెక్కాను.

జరిగింది ఇది. ఆయన చిన్నసామి చేతి మీద తుండు కప్పగానే చిన్నసామి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "చెవిలో ఎవుడుండాడు శెట్టీ? నేను వేలు నొక్కితే వేరే మండిలో ఏమి నడుస్తాందో నీ చెవిలో చెప్తాండాడా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళూ చేతులు ముడుచుకున్నారు. తుండు కింద మాట బయటికి పోదనే నమ్మకం మీద నడిచే చోట చెవిలో ఒక వస్తువుతో నిలబడితే ఎవరు నమ్ముతారు? ఆ మండిని బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా దీన్ని ముందే ఊహించేవాళ్ళు. నేను ఊహించలేదు.

మర్నాడు పొద్దున మండిలో నేను నేరుగా చిన్నసామి మీదికి వెళ్ళాను. "అది ఫోన్ కాదు! వినబడటానికి పెట్టుకున్న మెషీన్!"

"ఎప్పుడు చూసినా నీ చేతిలో ఫోనే ఉంటాది. నిన్నెట్ల నమ్మేదమ్మా?" అన్నాడు. మండి మొత్తం నవ్వింది. నా చేతిలో నిజంగానే ఫోన్ ఉంది.

గోవిందరాజులు గారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "అరిస్తే వినేవాళ్ళు కాదు పాపా వీళ్ళు. వీళ్ళలో శానామందికి సరిగ్గా వినబడేది కూడా లేదు. నా మాదిరే నోళ్ళు చూస్తారు, నాకిప్పుడు తెలుస్తాంది. వీళ్ళ చెవులు చూడు."

"అందరి ముందూ హెడ్‌ఫోన్ పెట్టి బటన్ నొక్కమంటే నొక్కుతారా? నొక్కకపోతే చెవుడని అందరికీ తెలిసిపోదా?"

"బటన్ ఏమిటికి?" అని భుజం మీది తుండు తీశారు. "వేళ్ళుండాయి కదా."

ముందు చిన్నసామి అనుమానం తీర్చాలి. మా దగ్గర స్టెతోక్లిప్ అని ఉంటుంది, డాక్టర్ స్టెతస్కోప్ లాంటి గొట్టం. దాన్ని మెషీన్‌కి తగిలిస్తే అందులో ఏం వినిపిస్తోందో మనమూ వినొచ్చు. అది చిన్నసామికి ఇచ్చాను. చెవుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎవరో రహస్యం చెప్తారన్నట్టు కాచుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. చివరికి దగ్గాడు, ఉలిక్కిపడ్డాడు.

"ఏమంటాడు చెవిలోవాడు?" అన్నారు గోవిందరాజులు గారు.

"ఎవుడూ లేడు శెట్టీ," అన్నాడు చిన్నసామి, కొంచెం నిరాశగా. "నా దగ్గే."

సరే, పరీక్షకి నువ్వే మొదట రమ్మని ఆయన చిన్నసామి చేతి మీద తుండు కప్పారు. నేను పక్కన ఆడియోమీటర్‌తో కూర్చుని ఒక్కో స్థాయిలో కొన్ని బీప్‌లు పంపుతాను, ఒకసారి మూడు, ఒకసారి ఒకటి, ఒకసారి నాలుగు. ఎన్ని వినిపిస్తే అన్ని వేళ్ళు గుడ్డ కింద గోవిందరాజులు గారి చేతిలో నొక్కాలి. ఆయన రెండో చేత్తో నా కాగితం మీద ఆ అంకె వేస్తారు. ఆ సందడిలో ఇది పూర్తి పరీక్ష కాదని నాకు తెలుసు. అనుమానం ఉన్నవాళ్ళని వేరు చేస్తే చాలు. అయిపోగానే అందరితోనూ ఆయన ఒకే మాట అంటారు, "శరి, పో." కానీ అంకెలు తేడా వచ్చినవాళ్ళ చేతిని వదిలేముందు గుడ్డ కింద ఇంకోసారి గట్టిగా నొక్కుతారు. ఆదివారం గోడౌన్‌కి రమ్మని దాని అర్థమని ముందే అందరికీ చెప్పారు. ఎవరి చెయ్యి నొక్కారో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియదు. నేను యాప్‌లో, మైక్‌లో, కరపత్రంలో చెప్పలేకపోయింది ఒక తుండుగుడ్డ కింద ఆయన పొద్దున పదకొండుకల్లా చెప్పేశారు.

ఆదివారం గోడౌన్ గుమ్మం ముందు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ చెప్పుల జతలున్నాయి. అందరికంటే చివర చిన్నసామి, అటూ ఇటూ చూసుకుంటూ. "నేను వచ్చింది ఎవురికీ చెప్పొద్దు శెట్టీ," అన్నాడు. గుసగుసగా అన్నాననుకున్నాడు పాపం. ఎదురు టీ బంకులోంచి, "శరి, చెప్పములే!" అని జవాబు వచ్చింది.

ఉగాది రోజు సరోజమ్మ ఇంటికి భోజనానికి పిలిచింది. గోవిందరాజులు గారు పచ్చడి తిని, తుండు భుజాన వేసుకుని, మంచిరోజని ఒక గంట మండిలో కూర్చుని వస్తానని వెళ్ళారు, రెండు చెవుల్లోనూ మెషీన్లతో. ఏడాది తర్వాత మళ్ళీ మెమరీ స్క్రీనింగ్ చేశాను, ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ. ఒక్క మాటా పోలేదు. ఇంకో ఇరవై ఏళ్ళకి ఏమవుతుందో నాకు తెలియదు. పొద్దున్నే నడక, ఆ తర్వాత మండి, సాయంత్రం ఏదో ఒక ఇంట్లో పెళ్ళో పేరంటమో. మెదడు కోసం ఇంతకంటే మంచి మందు నా దగ్గర లేదు.

ఫిర్యాదు మాత్రం సరోజమ్మదే. "ముందర ఏమన్నా శరి అంటాండె. ఇప్పుడు ప్రతి మాటకీ ఎదురు మాట. ఆ మెషీనుకి సౌండు కొంచెం తగ్గించేకి అయితాదా అమ్మా?"

ఆ తర్వాత నా శిబిరాల్లో రెండే మార్చాను. వినికిడి టేబుల్ మొదట, మెమరీ టేబుల్ తర్వాత. ఐదు మాటలు నాకు నోటికి వచ్చు, పరీక్ష చేసేటప్పుడు ఫోన్ బ్యాగులో ఉంటుంది. యాప్‌లో వరస మార్చడం కుదరదని మా మేనేజర్ అంటారు, నేను మార్చే చేస్తానంటాను, ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నలభైల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి ఎందుకు పోతావని ఆయన అడిగినప్పుడల్లా నాకు ఆ నూనె మిల్లు గుర్తొస్తుంది, ఎవరూ చెవులు చూడని ఆ పెద్దాయన గుర్తొస్తాడు.

మీకు నలభై దాటిందా? "నాకేం, బాగానే వినిపిస్తుంది" అంటారా? సరే, నేను చెప్పిందంతా తప్పే అనుకుందాం. మరి ఆ మాట మీరు కాదు, మీ ఇంట్లోవాళ్ళు వంటింట్లోంచి చెప్పాలి, మీరు ఈ గదిలోంచి వినాలి. ధైర్యముందా?